మరిది కొలతకు కొన్న సైకిలు

సూరత్ వెళ్ళొచ్చానని తెలియగానే మా జగిత్యాలలో వాడకట్టంతా ఒకటే అడిగింది, చీరలేం తెచ్చినవని. ఒక్కటీ తేలేదు. దేశమంతటికీ చీరలు పంపే ఊళ్ళో నాలుగు రోజులుండి, ఆ నాలుగు రోజులూ ఒక సైకిలు చుట్టూ తిరిగి వచ్చానంటే ఎవరూ నమ్మడం లేదు. అందులోనూ నేను ముప్పై ఏళ్ళుగా బట్టలు కుట్టి బతుకుతున్న మనిషిని. నమ్మకపోతే పోనీండి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అది పుష్యమాసం. పెళ్ళిళ్ళు లేవు కాబట్టి మిషనుకు పని లేదు. అప్పుడు సూరత్ నుంచి కావ్య ఫోను చేసింది. కావ్య అంటే మా చిన్నమ్మ కూతురు రాజమణి బిడ్డ. పంతొమ్మిదేళ్ళది, పుట్టిపెరిగింది అక్కడే, దాని తెలుగులో సగం హిందీ కలిసే వస్తుంది. "పెద్దమ్మా, మమ్మీ ఎవరితోటి మాట్లాడ్తలేదు. ఏక్‌దమ్ చుప్ అయింది. నువ్వొక్కసారి రా" అంది. రాజమణి చుప్ అవడమంటే మామూలు సంగతి కాదు. చిన్నప్పుడు దాని నోరు ఆగడానికి మేము బెల్లం ముక్క పెట్టేవాళ్ళం. మర్నాడే టికెట్ తీయించాను.

ఉధ్నాలో దిగడం

శుక్రవారం పొద్దున సూరత్‌లోని ఉధ్నా స్టేషన్ బయటికి రాగానే మగ్గాల చప్పుడు వినిపించింది. సిరిసిల్ల మీదుగా బస్సులో పోయినప్పుడల్లా నేను వినేదే. కాకపోతే అక్కడ ఊరు దాటితే ఆగుతుంది, ఇక్కడ ఆటో ఎంతసేపు పోయినా ఆగలేదు. ఈ చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి ఇక్కడికి పనికొచ్చిన మనవాళ్ళకు ఇంట్లో పక్కపక్కన కూర్చున్నా గట్టిగా మాట్లాడే అలవాటైంది. మొదటి పూట నాతో కొట్లాటకు వచ్చారేమో అనుకున్నాను.

కావ్య నన్ను ముందు తిండి దగ్గరికి తీసుకెళ్ళింది. దాని పేరు లోచో. నానబెట్టిన శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికిస్తారు, ముక్కగా నిలవదు, ముద్దగా ఉంటుంది. పైన నూనె, సన్న కారప్పూస, ఉల్లిగడ్డ, పచ్చటి చట్నీ. ప్లేటు నలభై రూపాయలు. మన ఇంట్లో ఇలా వస్తే పిండి చెడిందని కోడలిని తిడతాం, వీళ్ళు వరుసలో నిలబడి కొంటున్నారు. తిన్న తర్వాత నేనూ రెండో ప్లేటు అడిగాను. చట్నీ సగం నా చీర కుచ్చిళ్ళ మీదే పడింది.

తింటూనే సంగతి అడిగాను.

రాజమణి పన్నెండేళ్ళు ఇంట్లో కూర్చుని, కుట్టుపూల చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించింది. చీరకింతని ఇస్తారు. నడుము విరిగే పని. పోయిన దసరా తర్వాత ఉధ్నాలోని కారఖానావాళ్ళు ఆమె కన్ను చూసి చెకింగ్ టేబుల్ ఇచ్చారు. లైటు కింద చీర పరిచి, ఎక్కడ పువ్వు తప్పిందో పట్టుకోవాలి. నెల జీతం, కూర్చోవడానికి కుర్చీ. మా చిన్నమ్మ కడుపున పుట్టినవాళ్ళలో జీతానికి కుర్చీలో కూర్చున్నది ఇదొక్కతే. పోవడానికి రాజమణి మొగుడు, మా మరిది మల్లేశం దీపావళికి కరెంటు సైకిలు కొనిచ్చాడు. మూడు వారాల కిందట దాని మీద నుంచి పడింది.

"సిగ్నల్ దగ్గర ఆగింది పెద్దమ్మా. సైకిల్ సడన్‌గా ముందలికి దూకింది, టెంపోకు గుద్దింది. మోచెయ్యి గీసుకపోయింది, గాజులు పలిగినయ్. అప్పట్నుంచి దాన్ని ముట్టలే" అంది కావ్య.

"మరి పనికెట్ల పోతుంది?"

"షేర్ ఆటో. అది నిండితే గాని కదలదు. రోజూ లేట్. సేఠ్ బోల్ దియా, సోమవారం నుంచి ఎనిమిదింటికి టేబుల్ మీద లేకపోతే వేరేవాళ్ళకు ఇస్తా అని. ఇగ పప్పా సైకిల్ అమ్ముతుండు. ఆదివారం బార్డోలీ నుంచి ఒకాయన చూస్తందుకు వస్తుండు."

అంటే నా చేతిలో రెండు రోజులున్నాయి. లోచో ప్లేటు పారేసి ఆటో ఎక్కాను.

వడోద్‌లో గది

ఊరి కొసన వడోద్‌లో వాళ్ళుండేది వరుస గదుల ఇల్లు. ఒక్కొక్క గదికి ఒక్కొక్క సంసారం, గది ముందు నీళ్ళ డ్రమ్ము, దాని పక్కన చెప్పులు. ఎడమ గదిలో ఒడియావాళ్ళు, కుడి గదిలో నిజామాబాద్ దిక్కు ముసలామె. పగటి పని మగవాళ్ళు లేచిన పరుపు మీద రాత్రి పని మగవాళ్ళు పడుకునే గదులు కూడా ఆ వరుసలో రెండున్నాయి. మన దగ్గర ఎవరి దుప్పటి వారిది అని పంచాయితీ పెట్టుకుంటాం. ఇక్కడ అడిగే ఓపిక కూడా ఎవరికీ లేదు.

సైకిలు వసారాలో పాతచీర కప్పుకుని నిలబడి ఉంది. రాజమణి నన్ను చూసి నవ్వింది, కాళ్ళకు నీళ్ళిచ్చింది, చాయ్ పెట్టింది. సైకిలు మాట ఎత్తగానే మొహం తిప్పుకుంది.

"నాకు ధైర్యం లేదక్కా. గంతే. కొందరికి ఉంటది, నాకు లేదు."

సాయంత్రం మల్లేశం పని నుంచి వచ్చాడు. ఆరడుగుల మనిషి, దర్వాజా కింద తల వంచి లోపలికి వస్తాడు. మంచివాడే, కాకపోతే ఆ రోజు మూతి ముడుచుకుని ఉన్నాడు. "ఆడరాక మద్దెల ఓడన్నట్టుంది వదినె. బండి కొత్తది, బ్యాటరీ కొత్తది. ఈమెకు భయం. నేనేం చెయ్యాలె?"

నేను చీర తీసి సైకిలును చూశాను. నాకు యంత్రం తెలియదు, కొలత తెలుసు. రాజమణిని పక్కన నిలబెట్టాను. సీటు ఆమె నడుము దాటి పైకి ఉంది.

"దుకాణానికి ఎవరు పోయిండ్రు?" అని అడిగాను.

"నేనే. ఆమెకు చెప్పకుంట తెద్దామనుకున్న. కొట్లో ఎక్కి చూసిన, వాడు సీటు లేపిండు, ఇంటిదాక తొక్కుకుంట వచ్చిన. ఫస్ట్‌క్లాస్ ఉండె."

"మరి ఆమె కోసం దించలేదా?"

మల్లేశం నన్ను వింతగా చూశాడు. "సెట్టింగ్ గద వదినె. ముట్టద్దు."

తర్వాత నాకు అర్థమైంది. ఈయన పదిహేనేళ్ళుగా మగ్గాలు నడుపుతున్నాడు. తెగిన పోగు ముడి వేయొచ్చు, దారం కండె మార్చొచ్చు, మగ్గం బోల్టు మాత్రం ముట్టరాదు. దానికి మాస్టర్ వేరే ఉంటాడు. పనివాడు ఒక్క మరను తిప్పి బట్ట చెడితే కోత వాడి జీతంలోనే పడుతుంది. ఆ భయం ఎముకల్లోకి దిగి, సొంత డబ్బుతో కొన్న సైకిలుకు కూడా మాస్టర్ ఎవరో ఉంటాడన్నట్టు మూడు నెలలు దాన్ని అలాగే ఉంచారు. రాజమణి ప్రతిరోజూ అరుగు పక్కకు తోసుకుపోయి, అరుగెక్కి, అక్కడి నుంచి సైకిలెక్కేదట.

మా దుకాణానికి కూడా ఇలాంటి మగవాళ్ళు వస్తారు. భార్యకు జాకెట్ కుట్టమని బట్ట తెస్తారు. కొలత జాకెట్ ఏదయ్యా అంటే గాలిలో చేతులతో ఇంత ఉంటదని చూపిస్తారు. నేను బట్ట వాపసు ఇచ్చి మనిషిని పంపమంటాను. ఆ మాట మల్లేశంతో అంటే కావ్య పడీ పడీ నవ్వింది, ఆయన నవ్వలేదు.

శనివారం నేను చేసిన తప్పు

మర్నాడు మల్లేశం పనికి పోగానే ఒడియా ఆమె దగ్గర పానా అడిగి తెచ్చాను. రాజమణి చెయ్యి పట్టుకుని ఆపింది. "అక్కా, ఖరాబైతే?" అంది. నీ మొగుడి మగ్గం కాదు ఇది అన్నాను.

ఇక చూడండి నా తెలివి. పంట్లాం కుట్టేటప్పుడు తీసినట్టు కాలి లోపలి కొలత తీశాను. పెడల్ కిందికి పోయినప్పుడు కాలు దాదాపు నిటారుగా రావాలని కావ్య ఫోనులో చూసి చెప్పింది. కొలతకు కొలత సరిపోయేలా సీటు దించి బోల్టు బిగించాను. చూడ్డానికి అచ్చుగుద్దినట్టు కుదిరింది. రాజమణి ఎక్కింది, నాలుగు బారలు పోయింది, ఆపుదామని చూస్తే మునివేళ్ళు తప్ప కాలు నేలకు ఆనలేదు. ఒక పక్కకు ఒరిగి నీళ్ళ డ్రమ్ముల మీద పడింది. దెబ్బ తగల్లేదు గానీ వాడకట్టు మొత్తం నవ్వింది. నిజామాబాద్ ముసలామె ఒక్కతే నవ్వకుండా వచ్చి లేపింది.

తప్పు నాది. కాలి పొడవు చూశాను గానీ, ఒకసారి పడ్డ మనిషికి ముందు నేల అందాలన్నది ఆలోచించలేదు. జాకెట్ బిగుతైతే కుట్టు విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. మనిషి మళ్ళీ జడుసుకుంటే ఏం చేయాలో నాకు తెలియదు.

రాజమణి సైకిలు మీద మళ్ళీ చీర కప్పింది. "ఇడిసిపెట్టక్కా. సోమవారం ఫోన్ చేసి చెప్త, టేబుల్ వద్దని. దారాలు కత్తిరిచ్చుకుంట ఇంట్లనే ఉంట" అంది. ఏడవకుండానే అంది. ఏడ్చినా బాగుండేదనిపించింది.

పోంక్ తింటూ

నాలుగింటికి కావ్య ఒక పొట్లం తెచ్చింది. విప్పి చూస్తే ఊచబియ్యం. పాలు పోసుకున్న జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి దులిపిన గింజలు. చిన్నప్పుడు చేను గట్టున ఊరికే తిన్నవి, ఇక్కడ చలికాలం రాగానే పోంక్ అని పేరు పెట్టి దుకాణాల్లో అమ్ముతారు. పావుకిలో నూటయాభై అంటే నోరు తెరిచాను. మనం బెల్లంతో తింటాం, వీళ్ళు నిమ్మకాయ కారప్పూసతో తింటారు. రెండూ బాగుంటాయి, బెల్లమే ఇంకా బాగుంటుందని నేనన్నాను, కావ్య ఒప్పుకోలేదు.

ముగ్గురం ఒకే పళ్ళెంలో తింటున్నాం. నేను గుప్పెడు తీస్తే ఇన్ని గింజలు, రాజమణి గుప్పెడు తీస్తే అందులో సగం. నేను ఆమె చెయ్యి పట్టుకుని నా అరచేతి మీద పెట్టుకున్నాను. దాని వేలి కొస నా వేలి రెండో గీత దగ్గరికే వచ్చింది.

"ఇంత చిన్న చెయ్యేందే నీది?"

"రెండు-రెండు గాజులక్కా నాయి. చిన్నపిల్లల సైజు. దుకాణంల ఎతికి ఇస్తరు."

నా చేతిలో పోంక్ అలాగే ఉండిపోయింది. "బ్రేకు అందుతదా నీకు?" అన్నాను.

రాజమణి నెమ్మదిగా చెప్పింది. "యేళ్ళ కొసలు తాకుతయి గని పట్టు దొరకది. హ్యాండిల్ ఇడిసి చెయ్యి ముందుకు జరిపితెనే అందుతది. ఆ దినం సిగ్నల్ కాడ ఒక కాలు డివైడర్ మీద, ఒక కాలు పెడల్ మీదుండె. జర బరువు వడ్డది, మోటర్ అందుకుంది. బ్రేకు కోసం చెయ్యి జరిపేసరికి టెంపో వచ్చింది."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదే?"

"అందరు పట్టుకుంటుండ్రు గదక్కా. కావ్య పట్టుకుంటది, ఆయన పట్టుకుంటడు. నాకే చాతనైతలేదనుకున్న."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మూడు వారాలు ఇల్లంతా కలిసి ఈమెకు ధైర్యం లేదని తేల్చారు, నేను వచ్చి కాళ్ళు కొలిచాను, చేతివంక ఎవరం చూడలేదు. పొట్లం మూసి లేవమన్నాను.

పాండేసరా రోడ్డు మీద కాకా

సైకిలు తోసుకుంటూ పాండేసరా రోడ్డుకు పోయాం. అక్కడ తడక కింద ఒక ముసలి సైకిలు మిస్త్రీ కూర్చుంటాడు. అందరూ కాకా అంటారు, గుజరాతీ ఆయన. నా హిందీకి ఆయన నవ్వు ఆపుకున్నాడు, మిగతాది కావ్య చెప్పింది.

కాకా సైకిలు వైపు చూడనే లేదు. ముందు రాజమణిని ఎక్కి కూర్చోమన్నాడు, గోడకు చెయ్యి ఆనించమన్నాడు. "ఎవరు నడుపుతారో వాళ్ళని చూడాలి బేన్. బండిని తర్వాత చూస్తా" అన్నాడు నాతో. అక్కనైనా చెల్లెనైనా అక్కడ బేన్ అంటారు. నేను నా దుకాణంలో రోజూ అనే మాట అది. ఆయన మీద నాకు అక్కడికక్కడే గురి కుదిరింది.

పిడి పట్టుకోమన్నాడు. బ్రేకు మీద వేళ్ళు పెట్టమన్నాడు. వేళ్ళ కొసలు మాత్రమే ఆనడం చూసి తల అడ్డంగా ఊపాడు. డబ్బాలోంచి సన్నని ఎల్ ఆకారపు తాళంచెవి లాంటిది తీసి, బ్రేకు మొదట్లో ఉన్న చిన్న మరను తిప్పాడు. బ్రేకు కొమ్మ పిడి వైపు జరిగింది. ఒకసారి పట్టించాడు, ఇంకొంచెం తిప్పాడు. మూడోసారికి ఆమె వేళ్ళు మొదటి కణుపు దాకా దాని మీద ఒరిగాయి. రెండు చేతులకూ అలాగే చేశాడు. బ్రేకు దగ్గరికి జరిపితే తీగ వదులవుతుందని, దాన్ని మళ్ళీ బిగించి, చక్రం తిప్పి తిప్పి పట్టుకుని చూశాడు.

నేను పెట్టిన సీటు చూసి నవ్వాడు. "ఇది రేపటి కొలత. ఇవాళ్టిది కాదు" అని దించాడు, రెండు పాదాల ముందుభాగం నేలకు ఆనేంత. ముక్కు పైకెత్తి ఉన్న సీటును సమంగా చేశాడు. పిడిని కొంచెం ఆమె వైపు తిప్పాడు. పదిహేను రోజులు ఇలాగే తొక్కమన్నాడు. మోకాళ్ళు నొప్పి అనిపిస్తే ఒక వేలు వెడల్పు సీటు లేపుకోవాలి, భయం పోయాక ఇంకో వేలు. చివరికి నా కొలతే వస్తుందట. అంతమాత్రం మర్యాద నాకు దక్కింది.

సిగ్నల్ సంగతి కూడా చెప్పాడు. ఆగినప్పుడు రెండు కాళ్ళూ నేల మీదుండాలి. బ్రేకు కొంచెం పట్టుకునే ఉండాలి, పట్టుకుంటే ఈ బండి మోటారు ఆగిపోతుంది. రాజమణిని పట్టమన్నాడు, పెడల్ తొక్కమన్నాడు. బండి కదల్లేదు. ఆమె వదిలింది, పట్టుకుంది, మళ్ళీ వదిలింది, మళ్ళీ పట్టుకుంది. ఎన్నిసార్లు చేసిందో నేను లెక్కపెట్టలేదు. కాకా చాయ్ తెప్పించి ఓపిగ్గా కూర్చున్నాడు.

"నీకు బండి అంటే భయం లేదు బేన్," అని కాకా అన్నాడు. "బ్రేకు అందని బండి ఎక్కితే నాకూ భయమే."

అప్పుడు ఏడ్చింది రాజమణి, రోడ్డు మీద, సైకిలు దిగకుండా. అంతటికీ కలిపి కాకా తీసుకున్నది యాభై రూపాయలు. చాయ్ డబ్బులు ఇవ్వబోతే కోప్పడ్డాడు.

ఆదివారం, బార్డోలీ ఆయన

ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడే రాజమణి ఉధ్నా దాకా తొక్కింది. చీర కొంగు బొడ్లో దోపించాను, కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా చీలమండల పైకి కట్టించాను. వెనక ఆటోలో నేనూ కావ్యా. ఆమె అప్పుడు పడ్డ సిగ్నల్ దగ్గరే ఎర్రలైటు పడింది. ఆమె రెండు కాళ్ళూ దించింది, బ్రేకు మీద వేళ్ళుంచి నిలబడింది. పక్కన ఒక టెంపో గుర్రుమంటూ ఆగింది. పచ్చలైటు పడ్డాక ముందు టెంపోను పోనిచ్చి, తర్వాత కదిలింది. ఆటోవాడికి మేమెందుకు చప్పట్లు కొట్టామో తెలియలేదు.

పన్నెండింటికి బార్డోలీ ఆయన బస్సు దిగి వచ్చాడు. చక్కెర మిల్లులో పని, పెద్దమనిషి, మాట మెత్తన. సైకిలు చుట్టూ తిరిగాడు, బ్యాటరీ చూశాడు, బాగుందన్నాడు. రాత్రే మేము సంగతంతా చెప్పాం కాబట్టి మల్లేశం నేల చూస్తూ నిలబడ్డాడు. పిలిచింది తనే, వద్దని చెప్పడానికి నోరు రావడం లేదు. బార్డోలీ ఆయన సీటు ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు పిడికి తగిలాయి. సీటు లేపుతారా అని అడిగాడు.

రాజమణి గదిలోంచి బయటికి వచ్చింది. "ఎవరి కోసం భాయీ?" అని హిందీలో అడిగింది.

తన భార్య కోసమట. ఆమె అంగన్‌వాడీకి పోయిరావడానికి. ఆమెకు తెలియకుండా కొని తీసుకెళ్దామని వచ్చాడట.

కావ్య నోరు మూసుకుని గోడ వైపు తిరిగింది. రాజమణి నవ్వలేదు. "ఇది అమ్మేది లేదు భాయీ, మాఫ్ చెయ్యి. నీకు బస్సు దండుగైంది" అని చెప్పింది. తర్వాత బ్రేకు పట్టుకుని చూపించింది. "ఎక్కడ కొన్నా సరే, భాభీని తోలుకపో. కూర్చోబెట్టు. కాళ్ళు ఆనుతున్నయా చూడు. ఈ బ్రేకు ఆమె చేత పట్టిచ్చి చూడు. అందకపోతే అందేటట్టు చేయించి కొను. మనిషి లేకుంట బండి కొనకు."

ఇదంతా హిందీలోనే, ఆపకుండా, మగ్గాల చప్పుడు మీదుగా మాట్లాడే గొంతుతో చెప్పింది. వరుస గదుల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఆయన నొచ్చుకోలేదు. బ్రేకు ఎలా దగ్గరికి జరిపారో వంగి చూసి, ఫోనులో ఫొటో తీసుకున్నాడు. అన్నం తిని వెళ్ళమంటే తిన్నాడు. జొన్నరొట్టె మీద చింతకాయ తొక్కు వేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అయినా ఇంకోసారి అడిగాడు.

ఆయన పోయాక మల్లేశం సైకిలు పక్కన కూర్చున్నాడు. "కొట్ల నా చెయ్యి పెట్టి చూసిన. మంచిగ అందింది. ఇంటికి తెచ్చినంక నీ చెయ్యి పెట్టి చూడలే" అన్నాడు రాజమణితో. "పైంగ ధైర్యం లేదన్న."

"నేను గూడ గట్లనే అనుకున్న గద" అంది ఆమె. "లే, అన్నం తిను."

మద్దెల నిజంగానే ఓడు మరిదీ అని నేనందామనుకున్నాను. ఆయన మొహం చూసి నోరు కట్టుకున్నాను. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ.

సోమవారం

నా రైలు పదింటికి. రాజమణి మాత్రం ఆరింటికే లేచి రెండు డబ్బాలు సర్దింది, ఒకటి ఆమెకు, ఒకటి నాకు రైల్లోకి. మల్లేశం పనికి పోతూ పోతూ ఆగి, చక్రాల్లో గాలి నొక్కి చూశాడు, సీటు బోల్టు పానాతో మరోసారి బిగించాడు. తిప్పేటప్పుడు నా వైపు దొంగచూపు చూశాడు. నేను చూడనట్టే ఉన్నాను.

ఏడున్నరకు రాజమణి నా కాళ్ళకు మొక్కి సైకిలెక్కింది. సందు చివర నిజామాబాద్ ముసలామె నీళ్ళ బిందెతో అడ్డంగా వచ్చింది. బ్రేకు పడింది. రెండు కాళ్ళూ నేల మీద ఆనాయి. ముసలామె తీరిగ్గా దాటింది. రాజమణి మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

సర్దిన సంచినే మళ్ళీ సర్దాను. కావ్య ఫోను చేతిలో పట్టుకుని గడప మీద కూర్చుంది. ఏడూ యాభైకి మోగింది. కావ్య స్పీకర్ మీద పెట్టింది. అవతల చుట్టుపక్కల కారఖానాల మగ్గాల చప్పుడు, దాని మీదుగా రాజమణి గొంతు.

"అక్కా, ఇంక గేటే తియ్యలేదు. అందరికంటే ముందుగాల నేనే వచ్చిన."